మా బోరు నీళ్లు మంచివని తేలింది

పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవాడికి ఒక సౌకర్యం ఉంది. పరిశోధన కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, అదే ఇంటికి వస్తుంది. నేను సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా సొంత పీహెచ్‌డీ దరఖాస్తు దగ్గరే ఆగిపోయింది కాని మా వాడ మాత్రం ఆ రంగంలో చాలా ముందుకు పోయింది. మట్టి గురించి ఒకరు వచ్చారు. గాలి గురించి ఒకరు. ఒడిశా కూలీల కిరాయి గదుల గురించి ఒకరు. పొలం ప్లాట్లయిపోయాక రైతు పొద్దున లేచి ఏం చేస్తాడన్నదాని గురించి ఇంకొకరు. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీస్తే మా వీధికుక్కలు ఎటు మొహం పెట్టి పడుకుంటాయో చూడటానికి కూడా ఒకాయన వచ్చాడు. మంచి మనిషి. కుక్కలు సహకరించలేదు.

వీళ్లెవరి వల్లా మాకు నష్టం జరగలేదు. లాభం సంగతి ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పను. నష్టం జరిగింది నీళ్ల మీద చేసిన పరిశోధనలతో. అది చెప్పాలంటే ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి.

మా వాడ ఊరి చివర ఉంటుంది. నల్లా పైపు మా మలుపు దాకా వచ్చి, అలసిపోయినట్టు అక్కడే ఆగింది. ఇంట్లో నేను, మా పెద్దమ్మ, రెండు బర్రెలు. పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. నన్ను పెంచింది ఆమే. ఇంటి వెనక కొట్టంలో బోరుంది. మోటరు వేస్తే నీళ్లు ధారగానే వస్తాయి, ఆ విషయంలో వంక పెట్టలేం. పట్టిన కాసేపటికి పసుపురంగుకు తిరుగుతాయి. పాత మందు సీసా మూత తీసినట్టు వాసన. వాటితో వాకిలి కడుగుతాం, అంతకు మించి వాడం. బర్రెల ముందు పెడితే ఒకసారి వాసన చూసి, మా మొహాలు చూసి, తల పక్కకు తిప్పుకుంటాయి.

తాగడానికి ఊళ్లోని ఫిల్టర్ ప్లాంటు నుంచి డబ్బా నీళ్లు కొంటాం. వంటకు, స్నానాలకు, బర్రెలకు ట్యాంకర్. రోజు విడిచి రోజు వచ్చేది. బర్రె తాగే నీళ్లు డబ్బాలతో కొనడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ట్యాంకర్ ఉంటే బర్రెలు ఉంటాయి, లేకపోతే లేదు. బర్రెలు లేకపోతే ఏమవుతుందని నేను పెద్దమ్మను ఒకసారి అడిగాను, పాలు పిండే బాధ తప్పుతుంది కదా అని.

"అవి లేకుంటె పొద్దుగాల లేశి ఎవ్వల మొకం సూడాలెరా? నీ మొకమా?" అంది.

నేను అద్దంలో చూసుకున్నాను. ఆమె మాటలో నిజం ఉంది.

మొదట సైన్సు వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్, వెంట విద్యార్థులు, ఒక ఐసు పెట్టె. ఆ రోజు నేను కాలేజీలో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. జరిగింది ఎదురింటాయన చెప్పాడు. ఆయనది కోస్తా జిల్లా. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, మా ఎదురుగా ఇల్లు కట్టుకున్నాడు. వీధిలో జరిగే ప్రతిదానికీ ఆయన సాక్షి.

"ప్రొఫెసర్ గారు చాలా పద్ధతైన మనిషండీ. చెప్పులు గుమ్మం బయటే విడిచారు. సీసాల మీద ముందే నంబర్లు వేసుకుని వచ్చారు. మీ పెద్దమ్మగారు కుర్చీలు వేశారు, ఫ్యాను పెట్టారు, టీ ఇచ్చారు. వాళ్లు బోరు దగ్గరికి వెళ్తామంటే, కొట్టంలో పేడ ఉంది మీరెందుకు సారూ, నేను నింపుకొస్తా కూర్చోండి అన్నారు. కూర్చున్నారండీ. పాపం ఎండన పడి వచ్చారేమో."

పద్ధతైన మనిషి ఫ్యాను కింద కూర్చున్నాడు. ఇది గుర్తుంచుకోవాలి.

కొన్ని నెలల తర్వాత ఆ ప్రొఫెసర్ తన పరిశోధనా పత్రం కాపీ ఒకటి మర్యాదగా మాకు పంపాడు. చదివాను. మా బోరు నీళ్లు ఆ చుట్టుపక్కల తీసిన నమూనాలన్నిటిలోకీ శుభ్రంగా ఉన్నాయట. రంగు లేదు, వాసన లేదు. ఆఖరికి ఏ బోరు నీళ్లలోనైనా ఉండాల్సిన మామూలు ఉప్పు కూడా లేదు. భూమిలోంచి వచ్చే నీళ్లలో ఉప్పు లేకపోవడం అంటే అమ్మవారి జాతరలో జనం లేకపోవడం లాంటిది. ఎవరికైనా అనుమానం రావాలి. వాళ్లకు సంతోషం వచ్చింది. మా ఇంటి కింద ఉన్న రాతిపొర నీళ్లను సహజంగా వడపోస్తోందని ఒక సిద్ధాంతం కట్టి, దానికి ఒక బొమ్మ కూడా వేశారు. బొమ్మలో మా కొట్టం ఉన్నచోట చిన్న చెట్టు గీశారు.

సీసాలు మారిపోయి ఉంటాయేమో చూడండి అని ఈమెయిల్ రాశాను. నమూనాలు నిర్ణీత పద్ధతిలోనే సేకరించామని జవాబు వచ్చింది. కింద సంతకం, సంతకం కింద ఏడు లైన్ల పదవులు.

సైన్సు వెళ్లిన దారిలోనే ఇంజనీరింగ్ వచ్చింది. పల్లెటూరి బోర్లకు చవకైన ఫిల్టర్ తయారుచేస్తున్న కుర్ర ప్రొఫెసర్ ఒకడు, ఆ పత్రం చదివి, మా నీళ్లతో మొదలుపెడితే తేలిగ్గా ఉంటుందనుకున్నాడట. ల్యాబ్‌లో నడిపి చూడటానికి నీళ్లు కావాలని పెద్ద పెద్ద ఖాళీ డబ్బాలు ఆటోలో దింపి, మర్నాడు వచ్చి తీసుకుపోయాడు. అప్పుడూ నేను కాలేజీలోనే ఉన్నాను. ఫిల్టర్ బ్రహ్మాండంగా పనిచేసిందని వాళ్ల కాలేజీ గోడ మీద ఫ్లెక్సీ కట్టారు.

మూడోది రాజకీయం. రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ చేస్తున్న అమ్మాయి ఢిల్లీ నుంచి వచ్చింది. తెలుగు రాదు. ఆదివారం కావడంతో దుబాసీగా నేను దొరికాను. ఎండలో నడిచి వచ్చిందని పెద్దమ్మ ముందు చెంబుతో మంచినీళ్లు ఇచ్చింది. ఆమె గటగటా తాగి, చెంబు కింద పెట్టి, ఏదో రాసుకుంది. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

"నీళ్లు శుభ్రంగా ఉన్నాయని సైన్సు చెప్పినా మీకెందుకు నమ్మకం కలగటం లేదు అంటోంది," అన్నాను.

"నమ్మకమేంది బిడ్డా? వాసనొస్తది అని చెప్పు."

చెప్పాను. చాలాసేపు రాసుకుంది.

"ఈ వాసన ఎలక్షన్లకు ముందు నుంచీ ఉందా, తర్వాత మొదలైందా?"

"ఎలక్షన్లల్ల గూడ వస్తది. ఓట్లకొచ్చినోళ్లు ముక్కుకు కండువ అడ్డం పెట్టుకుంటరు."

అది కూడా చెప్పాను. ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. "కండువా ఏ రంగు?" అని అడిగింది.

పెద్దమ్మ నా వంక చూసింది. "గీ పిల్లకు పెండ్లయిందారా?" అంది. దాన్ని నేను తర్జుమా చేయలేదు.

ఆమె తేల్చింది ఏమిటంటే, మా వాడలో సమస్య నీళ్లది కాదు, ప్రభుత్వం మీద నమ్మకానిది. వదంతులు ఎలా పుడతాయో చెప్పడానికి మా వాడ మంచి ఉదాహరణ. ఆ నీళ్లు తాను స్వయంగా తాగానని, ఏ తేడా కనిపించలేదని కింద చిన్న అక్షరాల్లో రాసింది.

ఎండలు ముదిరాక ట్యాంకర్ రావడం మానేసింది. ఒకసారి రాకపోతే పంక్చర్ అనుకున్నాం. వరసగా రాకపోయేసరికి సంగారెడ్డిలో సంబంధిత ఆఫీసుకు పోయాను. ఆఫీసర్ మర్యాదగానే కూర్చోమన్నాడు. బల్ల మీద మూడు రిపోర్టులు ఉన్నాయి. ఇంజనీరింగ్‌ది రంగుల్లో అచ్చేశారు.

"చదువుకున్నోళ్లు మీరే గిట్లంటె ఎట్ల సార్? సైన్సోళ్లు మంచిగున్నయన్నరు. ఇంజనీర్లు మంచిగున్నయన్నరు. ఆఖరికి ఢిల్లీకెల్లి ఒక మేడం వచ్చి తాగి మరీ చెప్పింది. గంత మంచి బోరు పెట్టుకొని ట్యాంకర్ అడుగుతె, నీళ్లు లేని ఊరోళ్లు నన్ను ఏమంటరు?"

"మీరొకసారి వచ్చి చూడండి సార్."

"నేను చూసేదేంది? నేను సైంటిస్టునా?"

దానికి నా దగ్గర ఉన్న జవాబులు ఆఫీసులో అనేవి కావు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో గొప్పగా చెప్పడానికేమీ లేదు. పొద్దున కాలేజీకి పోయేముందు స్కూటర్ మీద రెండు క్యాన్లు కట్టుకుని ఊళ్లో నల్లా దగ్గర నిలబడేవాణ్ని. ఊళ్లోవాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత లైన్లో వెనక్కి పొమ్మన్నారు. వాళ్ల తప్పేం లేదు. బర్రె అంటే స్కూటర్ మీద తెచ్చిన నీళ్లతో సరిపెట్టుకునే జీవి కాదు. పాలు తగ్గాయి. ఒక రోజు నేను ఇంటికొచ్చేసరికి బర్రెల బేరగాడు కొట్టంలో నిలబడి చిన్న బర్రె నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. పెద్దమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆ బియ్యంలో రాళ్లు లేవని నాకు తెలుసు.

"రెంటికి సాలవురా నీళ్లు. ఒకదాన్నన్న బతికిచ్చుకుందాం," అంది, తల ఎత్తకుండా.

మర్నాడు ఆ బర్రె ట్రాలీ ఎక్కనని మొండికేసింది. పెద్దమ్మ వెళ్లి మెడ మీద చెయ్యేస్తే ఎక్కింది. అది ఆమెను నమ్మింది కాబట్టి ఎక్కింది. ఆ నమ్మకం గురించి ఎవరూ థీసిస్ రాయలేదు.

సరిగ్గా ఆ వారంలోనే ఇంజనీరింగ్ వాళ్లు తమ ఫిల్టర్‌ను మా వాడకు బహుమతిగా ఇచ్చారు. రిబ్బన్ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటో దిగారు. బోరుకు బిగించి పోయారు. మొదటి రోజు నీళ్లు సన్నగా వచ్చాయి. తర్వాత చుక్కలుగా. వారం తిరక్కుండానే ఆగిపోయాయి. ఫోన్ చేస్తే కుర్ర ప్రొఫెసర్ స్వయంగా వచ్చాడు. ఫిల్టర్ విప్పి, లోపలి క్యాండిల్ బయటికి తీశాడు. బిగించినప్పుడు పాలలా తెల్లగా ఉన్న గొట్టం అది. ఇప్పుడు దాని మీద గోధుమరంగు జిగురు వేలి మందాన పట్టి ఉంది. వాసనకు ఎదురింటాయన కూడా లుంగీ ఎగ్గట్టుకుని వచ్చేశాడు.

"మీరు మెయింటెనెన్స్ సరిగా చేయలేదండి," అన్నాడు ప్రొఫెసర్. "ల్యాబ్‌లో మీ నీళ్లతోనే నెలరోజులు నడిపాం. క్యాండిల్ మీద మరక లేదు."

"మా నీళ్లా?" అంది పెద్దమ్మ. "గవి మాయి కావు సారూ. గవి డబ్బ నీళ్లు."

కొట్టంలో మిగిలిన ఒక్క బర్రె తోక విసిరిన చప్పుడు వినిపించింది.

"డబ్బా నీళ్లేంటి?" అన్నాను.

"మీరు పెద్ద డబ్బలు పెట్టి పోయిన్రు గద సారూ. ప్లాంటుకు చెప్పి ఎక్కువ నీళ్లు తెప్పిచ్చి పోసిన."

"ముందు సీసాలు తెచ్చిన వాళ్లకు?"

"వాళ్లకు గూడ డబ్బయే."

"పెద్దమ్మా, వాళ్లు అడిగింది బోరు నీళ్లు!"

"ఇంటికొచ్చి నీళ్లడిగిన్రురా. గా కంపు నీళ్లు సీసల పోసి చేతుల పెడ్తనా? మన ఇంటి పేరు చెప్పుకుంట గాళ్లు పట్నం దాక పట్కపోతరు. ఇజ్జతుంటదా?"

"తాగడానికి కాదు. పరీక్షకు!"

"పరీక్షకైతె ఇంక మంచియి ఇయ్యాలె గద. నువ్వు పరీక్షకు చినిగిన అంగి తొడుక్కొని పోయినవా ఎప్పుడన్న?"

"అదీ నిజమే కదండీ," అన్నాడు ఎదురింటాయన. ఆయన చూపు ఎందుకో నా అంగీ మీద పడింది.

అప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. కుర్చీ పాతదని తర్వాత అందరం ఒప్పుకున్నాం.

పెద్దమ్మ మీద వచ్చిన కోపం టీ చల్లారేలోపే పోయింది. ఆమె చదువుకోలేదు. ఇంటికొచ్చినవాళ్లకు ఉన్నదాంట్లో మంచిది ఇవ్వాలని మాత్రమే తెలుసు. అది తప్పని ఆమెకు ఎవరు చెప్పాలి? మిగతావాళ్ల మీద వచ్చిన కోపం పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ ఉంది, చేతిలో కలం విరగకుండా జాగ్రత్తగా రాస్తున్నాను. ఎన్ని పరీక్షలు పాసైతే ఒక మనిషి ప్రొఫెసర్ అవుతాడు! కుర్చీలోంచి లేచి, పేడ తొక్కి, పది అడుగుల దూరంలో ఉన్న బోరు దాకా నడవడం ఆ సిలబస్‌లో లేదా? ఆ నీళ్లలో ఉప్పు లేదని మిషన్ చెప్పింది. మిషన్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన నిజాన్ని కాపాడటానికి వీళ్లు భూమి కింద లేని రాతిపొరను పుట్టించారు. రెండోవాడు మొదటివాడి పత్రం చదివి వచ్చాడు. మూడో ఆమె ఇద్దరివీ చదివి వచ్చింది. ఒక ఫిల్టర్ ప్లాంటు నీళ్ల మీద సైన్సు, ఇంజనీరింగ్, రాజకీయం ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి. అంత ఎత్తు నుంచి చూస్తే మా బర్రె కనిపించలేదు.

ఫోన్లు చేశాను. హైదరాబాద్ ప్రొఫెసర్ ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పేది ఒక కథనం మాస్టారూ. కథనం డేటా కాదు. పైగా పత్రం అచ్చయిపోయింది కదా," అన్నాడు. అచ్చయితే నీళ్లు కూడా మారతాయని నాకు అంతవరకు తెలియదు. ఢిల్లీ అమ్మాయి మాత్రం చాలా సంతోషించింది. అతిథి మర్యాదలో దాగున్న రాజకీయం అని ఇంకో అధ్యాయం రాయొచ్చంది. మొదటి అధ్యాయం తీసేస్తావా అని అడిగాను. గైడ్‌ను అడగాలంది. కుర్ర ప్రొఫెసర్‌ది వేరే రకం. ఆ రోజు కొట్టంలోంచి పోయేటప్పుడు, "క్యాండిల్ మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు. ముగ్గురిలో మాకు ఏదైనా ఇచ్చింది అతనొక్కడే.

ఆ క్యాండిల్‌ను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి సంగారెడ్డి బస్సెక్కాను. నా పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. కండక్టర్ దగ్గరికి వచ్చి, "ఏందన్నా, సంచిల ఏమన్న సచ్చిందా?" అన్నాడు.

"ఇంకా లేదు. ఒకటి పోయింది, ఒకటుంది," అన్నాను. అతను టికెట్ దూరం నుంచే చేయి చాపి ఇచ్చాడు.

ఆఫీసర్ గదిలో ఏసీ నడుస్తోంది, కిటికీలు మూసి ఉన్నాయి. సంచి విప్పి, క్యాండిల్ తీసి, మూడు రిపోర్టుల మీద పెట్టాను.

"ఏందిది? ముందు బయట పెట్టుండ్రి!"

"మంచినీళ్లు సార్. రిపోర్టు ప్రకారం."

"జెర దూరం జరుపుండ్రి సార్, తలకాయ తిరుగుతున్నది."

"బర్రెలకు కూడా అట్లనే తిరిగింది సార్."

ఆయన జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. దాని రంగు నేను గమనించాను, అలవాటైపోయింది. డబ్బా నీళ్ల కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. బహుశా నవ్వాలంటే గాలి పీల్చాలి.

"చూడుండ్రి. రిపోర్టులు తప్పని నేను రాయలేను. మూడున్నయి. మీదొక గొట్టమున్నది. గొట్టాన్ని ఫైల్ల పెట్టనీకి రాదు. ఎండాకాలం కాబట్టి తాత్కాలికంగ ట్యాంకర్ అని రాస్త. వానలు పడ్డంక ఆగిపోతది. అప్పటిదాక ఎవరితోనన్న కొత్త రిపోర్టు తెచ్చుకోండ్రి. గిది మాత్రం జల్దీ తీస్కపోండ్రి."

అలా ట్యాంకర్ తిరిగొచ్చింది. కొట్టంలో ఒక్క బర్రె ఉంది. రిపోర్టుల ప్రకారం మా బోరు నీళ్లు ఇప్పటికీ మంచివే.

వానలు ఇంకా పడలేదు. పోయిన ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. మొదటిసారి వచ్చిన ప్రొఫెసర్ దగ్గర చదువుకునే పిల్లే. అప్పుడు ఐసు పెట్టె మోసింది తానేనంది. ఉప్పు సంగతి తనకూ అప్పట్లోనే తేడాగా అనిపించిందట, అడిగితే సార్ నవ్వారట. ఈసారి ఎవరికీ చెప్పకుండా బస్సులో వచ్చింది. సంచిలో నాలుగు సీసాలు.

"నేను కొట్టంలోకి వస్తానండీ," అంది.

పెద్దమ్మ సీసాలు తీసుకుంది. ఆమె అడుగులు అలవాటుగా వంటింటి వైపు, డబ్బా ఉన్న మూలకు పడ్డాయి.

"పెద్దమ్మా," అన్నాను.

ఆగింది. వెనక్కి తిరిగి కొట్టంలోకి నడిచింది. ఆ అమ్మాయి వెనకే వెళ్లి పేడలో నిలబడింది. నేను మోటరు వేశాను. పెద్దమ్మ ఒక్కొక్క సీసా నింపి, మూత బిగించి, కొంగుతో చుట్టూ తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. లోపలి రంగు పైనుంచి తుడిస్తే పోతుందేమోనన్నట్టు. ఆ పిల్ల మొహం చూడకుండా చేతికిచ్చింది. తర్వాత లోపలికి పోయి, చేతులు రుద్ది కడుక్కుని, చెంబుతో డబ్బా నీళ్లు తెచ్చింది.

"గవి సీసలకు. ఇవి నీకు. ముందు గివి తాగు బిడ్డా," అంది.

అమ్మాయి నిలబడే తాగింది. వానల్లోపు రిపోర్టు ఇస్తానంది. ఇస్తుందనే అనుకుంటున్నాను. చెప్పులకు అంటిన పేడ కడుక్కోకుండానే బస్సుకు పరుగెత్తింది.

ఆమె పోయాక పెద్దమ్మ అన్నం పళ్లెం నా ముందు పెట్టిన చప్పుడులోనే కోపం అర్థమైంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమైందా? ఇంటికొచ్చిన ఆడపిల్ల చేతుల నాతోని గా నీళ్లు పెట్టిచ్చినవు గదరా. నీ సదువు పాడుగాను!"

నేను తల వంచుకుని తిన్నాను. ఆమె కోపం న్యాయమైనదే. దాన్ని అందుకోవాల్సినవాళ్లు హైదరాబాద్‌లో, ఢిల్లీలో, సంగారెడ్డి ఏసీ గదిలో ఉన్నారు. అన్నం పళ్లెం ముందు దొరికింది మాత్రం నేనే.